రంగు కడుక్కునే వయసు

ముఖం కనబడని రేడియోలో కూర్చుని ముఖానికి పూసుకునే రంగుల గురించి మాట్లాడడం విడ్డూరంగానే ఉంటుంది. అయినా ఇందులో ఒక వెసులుబాటు ఉంది. మాట్లాడే మనిషి ఎరుపా చామనచాయా, పెదవులకు రంగు ఉందా లేదా అన్న లెక్కలేవీ అడ్డురాకుండా మాట ఒక్కటే మీ చెవిన పడుతుంది. ఈ పూట మాట్లాడుకోబోయేది ఆడబిడ్డ మేకప్ వేసుకోవడానికి ఎప్పుడు తయారైనట్టు అన్న సంగతి. తంబళ్లపల్లె, ములకలచెరువు, పెద్దతిప్పసముద్రం, బి.కొత్తకోట పక్క ఇళ్లలో ఈ ప్రశ్న ఇంత మర్యాదగా వినబడదు. 'కాలేజీకి పోతా ఉండావా, పెండ్లికి పోతా ఉండావా?' అని వినబడుతుంది. 'ఎవురికి చూపిచ్చేదానికే ఆ పెదాలకు రంగు?' అని వినబడుతుంది. వినడానికి ప్రశ్నల్లా ఉన్నా ఇవి ప్రశ్నలు కావు, అప్పటికే ఇచ్చేసిన తీర్పులు. తీర్పు చెప్పేవాళ్లు ఏ లెక్క మీద చెబుతున్నారు, ఆ లెక్క సరైనదేనా అని ఈ కాసేపు నెమ్మదిగా చూద్దాం.

ఈ గొడవ బెంగళూరు బస్సులో వచ్చిందనీ, సెల్‌ఫోన్ చేతికొచ్చాకే మొదలైందనీ చాలామంది నమ్మకం. నిజానికి ఆడపిల్ల ముఖానికి ఏ వయసులో ఏ రంగు పడాలో మన ఇళ్లు ఎప్పుడో నిర్ణయించి పెట్టాయి. పుట్టిన కొద్దిరోజులకే కళ్లకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, అరికాలికి ఇంకో చుక్క. నడక వచ్చేసరికి పౌడరు డబ్బా, తిలకం సీసా, ఆషాఢమాసంలో గోరింటాకు. బిడ్డ ఏడ్చినా కాళ్లూ చేతులూ పట్టుకుని పెడతారు తప్ప ఇష్టమా అని ఎవరూ అడగరు. స్కూల్లో వార్షికోత్సవం వచ్చిందంటే ఆరేళ్ల పిల్ల బుగ్గలకు రోజా రంగు, పెదవులకు ఎర్ర లిప్‌స్టిక్ పూసి స్టేజీ ఎక్కించేది టీచర్లే, కింద నిలబడి ఫొటోలు తీసేది అమ్మానాన్నలే. ఆ రంగు గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. కాబట్టి చిన్నపిల్లలకు రంగులు తగవు అన్నది మన సూత్రం కానే కాదు. సూత్రం ఏదైనా ఉంటే అది ఇంకోటి. అది ఎక్కడ బయటపడుతుందంటే, పెద్దమనిషి వేడుకలో.

రాయలసీమ పల్లెల్లో ఈ వేడుక సంగతి మీకు తెలియంది కాదు. పిల్ల పెద్దమనిషి కాగానే మేనమామ పచ్చి ఆకులతో గుడిసె కడతాడు, చిమ్మిలి ఉండలు తినిపిస్తారు, పేరంటాళ్లు పసుపు పూసి నీళ్లు పోసి హారతి పడతారు. ఒకప్పుడు అది పది ఇళ్ల ఆడవాళ్ల మధ్య జరిగే తంతు. ఇప్పుడు అది కల్యాణమండపానికి చేరింది. రోడ్డు మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ, పైన తిరిగే డ్రోను కెమెరా, మదనపల్లె నుంచో పుంగనూరు నుంచో ముందురోజే మాట్లాడి పెట్టుకున్న బ్యూటీషియన్. పన్నెండు పదమూడేళ్ల పిల్లను తెల్లవారుజామునే లేపి కూర్చోబెట్టి ఫౌండేషన్ మందంగా వేసి, కంటిరెప్పలకు అంటింపుడు వెంట్రుకలు పెట్టి, జుట్టుకు సవరం కలిపి పూలజడ కుట్టి, పట్టుచీర చుడతారు. రెండు గంటలయ్యాక కుర్చీలోంచి లేచేది ఏడో తరగతి పిల్ల కాదు, ఇరవై రెండేళ్ల పెళ్లికూతురు. అద్దంలో చూసుకున్న పిల్లకు తనే తెలియదు. చుట్టాలు మాత్రం 'బొమ్మలా ఉండాది' అంటారు. ఆ మాట మెప్పుకోలుగానే అంటారు. బొమ్మకు తన ఇష్టం అంటూ ఒకటి ఉండదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టదు.

వేడుక అయిపోతుంది, సోమవారం వస్తుంది. అదే పిల్ల, ఆ వేడుకకు తెచ్చిన లిప్‌స్టిక్ కొస మిగిలి ఉంటే పల్చగా రాసుకుని బడికి బయలుదేరితే ఇంట్లో రాద్ధాంతం మొదలవుతుంది. మూడు రోజుల ముందు నాలుగు వందల మంది ఎదుట మందంగా పూసింది ఇంటివాళ్లే. ఇప్పుడు పల్చటి గీత తప్పయింది. రెండింటికీ తేడా ఏమిటి? వయసు కాదు, మూడు రోజుల్లో వయసు మారదు. రంగు కాదు, అది అదే లిప్‌స్టిక్. మొదటిది మన వేడుక కోసం, మన ఫ్లెక్సీ కోసం, మన చుట్టాల కళ్ల కోసం వేయించింది. రెండోది ఆ పిల్ల తన కోసం వేసుకుంది. మనం అభ్యంతరపెడుతున్నది రంగును కాదు, ఆ రంగు మీద ఆమె చేయి పడడాన్ని. ఇది ఒప్పుకోవడానికి కష్టంగా ఉండొచ్చు. ఒప్పుకుంటే తప్ప 'ఎప్పుడు' అన్న ప్రశ్న నిజంగా మొదలుకాదు. నా వాదన చిన్నదే, ముందుగానే చెప్పేస్తాను: ఆడబిడ్డ తయారైందా లేదా అని తేల్చడానికి రంగు వేసుకోవడం వచ్చిందా అని చూడనక్కర్లేదు, అది ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. రంగు తీసేసుకోవడం వచ్చిందా అని చూడాలి. తీసేసుకోవడం అంటే రాత్రి ముఖం కడుక్కోవడమూ అవును, రంగు లేని రోజున వీధిలోకి అడుగుపెట్టగలగడమూ అవును.

ఒళ్లు ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని ఆడపిల్ల తయారైందని తేల్చేయడం మనకు కొత్త కాదు. ఒకనాడు పెళ్లికి కూడా అదే కొలబద్ద. ఈడేరక ముందే పెళ్లి చేసేయాలన్న పట్టుదల ఎన్ని బతుకులను మింగిందో కందుకూరి వీరేశలింగం కాలం నుంచీ చదువుతూనే ఉన్నాం. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలంది, 1978లో సవరణతో అది 18 అయింది. అంటే చట్టం ఒంటి సంకేతాన్ని పక్కకు నెట్టి ఏళ్ల లెక్కను తెచ్చింది. ఇళ్లు మాత్రం పూర్తిగా మారలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది, దేశం మొత్తం మీద అది 23.3 శాతం. వేడుకలో వేసిన మేకప్ వల్ల ఈ పెళ్లిళ్లు జరుగుతున్నాయని నేననడం లేదు, అలా అంటే అతిశయోక్తి. కానీ పదమూడేళ్ల పిల్లను పెళ్లికూతురి ముఖంతో ఊరికి చూపించడమూ, పదిహేడేళ్లకే పెళ్లిపీటల మీద కూర్చోబెట్టడమూ ఒకే లెక్క నుంచి పుట్టినవి: ఒళ్లు ఎదిగితే మనిషి ఎదిగినట్టే అన్న లెక్క. మేకప్ విషయంలోనైనా ఆ లెక్కను దాటి రావాలి.

మరి ఏ లెక్క పట్టుకోవాలి? దానికి మన సీమలోనే ఒక దారి కనబడుతుంది. ముఖానికి రంగు పూసుకోవడంలో చిత్తూరు సీమకున్నంత చరిత్ర అందరికీ ఉండదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొకటి కడతారు. ఒక రోజు నామంకొమ్ము, ఒక రోజు కుంకుమ, ఒక రోజు బొగ్గు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, కాటుక పెట్టి, పూలు తురుముకుని అమ్మవారి ముందుకు పోతారు. ఎవరూ నవ్వరు. మన వైపు ఊళ్లలో మహాభారతం తిరునాళ్ల జరిగినప్పుడు వీధినాటకం ఆడేవాళ్లు సాయంత్రం నుంచే ముఖాలకు రంగు మెత్తుకుంటూ కూర్చుంటారు, తెల్లవార్లూ దుర్యోధనుడై ఊగిపోయిన మనిషి పొద్దున్నే బావి దగ్గర ముఖం కడుక్కుని మడికి నీళ్లు కట్టడానికి పోతాడు. వేషానికి ఒక మొదలుంది, ఒక చివర ఉంది. చివర లేని వేషం వేసుకున్నవాణ్ణి చూస్తే ఆ నాటకాలవాళ్లే జాలిపడతారు. రంగును తప్పుగా చూడని ఈ సంస్కృతి, రంగు కడగడాన్ని కూడా వేషంలో భాగం చేసింది. మన ఆడపిల్లలకు మాత్రం రంగు వేసే బ్యూటీషియన్ను పిలుస్తాం, రంగు తీయడం ఎలాగో చెప్పేవాళ్లను పిలవం. వేడుకనాటి రాత్రి అలసిపోయి రెప్పలకు అంటించిన జిగురుతోనే ఎంతమంది పిల్లలు నిద్రపోతారో.

ఆ నాటకాల రంగులోనే ఇంకో పాఠం ఉంది. వెనకటి తరం వేషగాళ్లు ముఖానికి పూసిన పసుపుపచ్చ రంగు అర్దళం. అది గంధకమూ ఆర్సెనిక్కూ కలిసిన ఖనిజం. అంటే విషం. తాతల నాటిది, మనది, ప్రకృతి ఇచ్చింది అన్నంత మాత్రాన ఒంటికి మంచిదైపోదు. మన దేశంలో సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసాన్ని, ఆర్సెనిక్‌ను వాడకూడదన్న నిబంధన ఏనాటి నుంచో ఉంది. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం పాదరసాన్ని కావాలని కలపడమే నిషేధం. తెలియకుండా కలిసినా కంటికి వాడే వాటిలో పది లక్షల భాగాలకు 70 భాగాలు, మిగతా వాటిలో 1 భాగం దాటకూడదు. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుక వేరు, సీసం ఖనిజాన్ని నూరి చేసే సుర్మా వేరు. అయినా పేరు లేని డబ్బాలో వచ్చినప్పుడు ఏది ఏదో ఎవరు చెప్పగలరు? ఇక స్టిక్కర్ బొట్టు సంగతి. లిప్‌స్టిక్ చూస్తే భగ్గుమనే పెద్దవాళ్లు కూడా నుదుట స్టిక్కర్ లేకపోతే ఒప్పుకోరు. ఆ స్టిక్కర్ వెనక జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల కొందరికి బొట్టు పెట్టిన చోట చర్మం రంగు పోయి తెల్లమచ్చ పడుతుందని చర్మవైద్యులకు చాలాకాలంగా తెలుసు. తిరునాళ్లలో అరగంటలో నల్లగా పండే కోన్‌లో గోరింటాకు కంటే జుట్టు రంగులో వాడే రసాయనమే ఎక్కువ పనిచేస్తుంది, దాంతో బొబ్బలు లేచిన చేతులను వైద్యులు చూస్తూనే ఉన్నారు. కాబట్టి కాటుక మనది, లిప్‌స్టిక్ పరాయిది అన్న విభజన దేనికీ పనికిరాదు. ఆ మాటకొస్తే లాక్మే 1952లో టాటాలు మొదలుపెట్టింది, ఆ పేరు లక్ష్మికి ఫ్రెంచి రూపం. మన అవ్వల కాలపు అఫ్గాన్ స్నో 1919లో బొంబాయిలో పుట్టింది. పరాయితనం ఎక్కడుంది?

నిజంగా విడదీయాల్సిన గీత ఇంకోచోట ఉంది. రంగు వేరు, తెలుపు వేరు. రంగు అంటే వేసుకుని కడిగేసేది: కాటుక, లిప్‌స్టిక్, గోళ్ల రంగు, బుగ్గల పౌడరు. తెలుపు అంటే చర్మాన్నే మారుస్తానని ఆశ పెట్టేది: తెల్లబరిచే క్రీములు, బ్లీచింగులు, ఏ పేరూ సరిగా లేని ట్యూబులు. మన ఇళ్లలో మొదటిదానికి యుద్ధాలు జరుగుతాయి, రెండోదాన్ని అమ్మే కొనిస్తుంది. పెళ్లిచూపుల నాటికి కాస్త రంగు తేలాలని, మేనత్త ఏదో అన్నదని. ఆ కొనివ్వడం వెనక ఏముందో చూడండి. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు 2021–23 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బు వచ్చిన 22 మందిని పరీక్షించారు. వాళ్లలో 15 మందికి అరుదైన ఒకే లక్షణం కనబడింది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినట్టు చెప్పారు. పాదరసం చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాల వడపోతను దెబ్బతీస్తుంది. క్రీము మానేశాక చాలామందికి జబ్బు తగ్గింది. ముఖానికి రాసుకున్నది కిడ్నీకి చేరుతుందని ఊహించే తల్లి ఎంతమందిలో ఒకరు?

పాదరసం ఒక్కటే కాదు. గజ్జి, తామర, ఎగ్జిమా లాంటి వాటికని మందుల అంగట్లో దొరికే కొన్ని ట్యూబుల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్లు ఉంటాయి. ఇవి వైద్యుడు చెప్పినప్పుడు, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులే. ముఖానికి రోజూ రాస్తే మొదటి వారం నిగారింపు కనబడుతుంది, అదే వల. తరవాత చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, అక్కర్లేని వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి పోతే మండుతుంది. మానేస్తే ముఖం ఇంకా విరుచుకుపడుతుంది కాబట్టి మానలేరు. దేశంలోని పలు ఆసుపత్రుల చర్మవైద్యులు కలిసి చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది, అంటే దాదాపు 15 శాతం, ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లే. చర్మవైద్యుల ఒత్తిడి తరవాత 2018లో ఈ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం నిబంధన బిగించింది. చీటీ అడిగే అంగడి ఎంత దూరంలో ఉందో మీ ఊరి సంగతి మీకే తెలుసు. ఇప్పుడు చెప్పండి, పదహారేళ్ల పిల్ల పెదవి మీది గులాబీ గీత పెద్ద ప్రమాదమా, అల్మారాలో అమ్మ దాచిపెట్టిన ఆ ట్యూబు పెద్ద ప్రమాదమా? తెల్లబరిచే వాటికి తగిన వయసు అంటూ లేదు, పదికీ లేదు, పాతికకూ లేదు. ఇక్కడ నా మాటలో మెత్తదనం ఏమీ లేదు.

ఆ ట్యూబు ఇంట్లోకి రావడానికి కారణం పోలిక. 'చిన్నత్త కూతురు ఎట్ల మెరిసిపోతాదో చూడు' అన్న ఒక్క మాట. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చడం వల్ల లోపల ఏం విరుగుతుందో జీవితమంతా దేశదేశాలు తిరిగి చెప్పారు, కురబలకోట దగ్గరి రిషివ్యాలీ బడి ఆ ఆలోచన మీద నిలబడిందే. ఆయన పుట్టిన ఊరి చుట్టుపక్కలే పిల్లల ఒంటి రంగును పక్కపక్కన పెట్టి చూడడం మాత్రం మానలేదు. 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ఫెయిర్ అన్న ముక్క తీసేసింది, గ్లో అండ్ లవ్లీ అయింది. కంపెనీ అయినా మాట మార్చుకుంది. పేరంటాల్లో మాట ఇంకా మారలేదు. తనను తెల్లపిల్లతో పోల్చి విని పెరిగిన పిల్ల మొదటిసారి ఫౌండేషన్ కొన్నప్పుడు తన చాయ కంటే రెండు మెట్లు తెల్లనిది ఎంచుకుంటుంది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. దాన్ని చూసి నవ్వేవాళ్లు ఆ రెండు మెట్లను ఎవరు కట్టారో ఆలోచించరు. ఆ పిల్ల రంగు వేసుకోవడం లేదు, ముఖం దాచుకుంటోంది. దాచుకునేవాళ్లకు కడుక్కోవడం భయం.

ఆ భయానికి వైద్యశాస్త్రంలో ఒక పోలిక ఉంది. అమెరికాలో క్లిగ్‌మన్, మిల్స్ అనే చర్మ పరిశోధకులు 1972లో ఒక రకం మొటిమలకు 'యాక్నే కాస్మెటికా' అని పేరు పెట్టారు, అంటే సౌందర్య సాధనాల వల్లే వచ్చే మొటిమలు. జిడ్డు పూతలు చర్మ రంధ్రాలను మూసేస్తాయి, మొటిమలు వస్తాయి, వాటిని కప్పడానికి ఇంకాస్త పూత, దాంతో ఇంకొన్ని మొటిమలు. ఈడు వచ్చిన పిల్లల చర్మంలో నూనె గ్రంథులు ఎటూ చురుగ్గానే ఉంటాయి. అప్పుడు ఈ చక్రంలో పడితే రోజులు గడిచేకొద్దీ పూత లేకుండా గడప దాటలేని స్థితి వస్తుంది. చర్మానికి జరిగేదే మనసుకూ జరుగుతుంది. కప్పుకునేకొద్దీ కప్పుకోవలసింది ఉందన్న నమ్మకం గట్టిపడుతుంది. నేను తీసేసుకోవడాన్ని కొలబద్దగా పెట్టింది ఇందుకే. ఇది చూడగలిగే కొలబద్ద కూడా. రాత్రి పడుకునే ముందు ఎవరూ గుర్తుచేయకుండా ముఖం కడుక్కుంటోందా? డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ, తయారుచేసిన కంపెనీ చిరునామా చదివి, అవి లేనిదాన్ని సంతలో ఎంత చవగ్గా ఇచ్చినా పక్కన పెడుతోందా? స్నేహితురాలి కాజల్ అడిగి పెట్టుకుంటే కళ్లకలక అంటుకుంటుందని తెలుసా? కరెంటు పోయిన రోజు, రంగు డబ్బా ఖాళీ అయిన రోజు, ముక్కు మీద మొటిమ లేచిన రోజు ట్యూషన్ మానకుండా పోతోందా? ఈ చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే ఆ పిల్ల తయారైనట్టే, పద్నాలుగైనా సరే. కాదని వస్తే పందొమ్మిదేళ్ల పిల్లకైనా తోడు అవసరమే.

ఇదంతా వినడానికి బాగానే ఉంది గానీ, ఒక వయసు పెట్టేస్తే తగవు తీరిపోతుంది కదా అని మీరనొచ్చు. వయసు గీతల్లో ఒక సుఖం ఉంది, ఒప్పుకుంటాను. స్వీడన్‌లో అపోటెక్ హ్యార్టాట్ అనే మందుల దుకాణాల సంస్థ 2024లో, ముడతలు పోగొట్టేందుకు వాడే ఘాటైన ఆమ్లాలు, విటమిన్ ఎ క్రీముల వంటివి 15 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మకూడదని తనకు తానే నిర్ణయించుకుంది. పిల్లల చర్మానికి అక్కర్లేని రసాయనాల సంగతి కాబట్టి అక్కడ గీత గీయడం న్యాయం. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంవాళ్లు 7 నుంచి 18 ఏళ్ల పిల్లలు టిక్‌టాక్‌లో పెట్టిన 100 చర్మ సంరక్షణ వీడియోలను చూసి 2025లో రాసిన వ్యాసం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. ఒక్కో పిల్ల సగటున 6 రకాలు పూసుకుంటోంది, పగటిపూట పూతల్లో ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ ఉన్నవి మాత్రం 26 శాతమే. అవసరమైనది లేదు, అక్కర్లేనివి ఆరు. టిక్‌టాక్ మన దేశంలో 2020లోనే పోయింది గానీ ఆ వీడియోలు వేరే కిటికీల్లోంచి వస్తూనే ఉన్నాయి. అయితే వయసు గీత దుకాణం కౌంటరు దగ్గర పనిచేసినట్టు ఇంట్లో పనిచేయదు. పద్దెనిమిది దాకా వద్దు అన్న ఇంటి పిల్ల పద్దెనిమిది దాకా ఆగదు. పదిహేనేళ్లకే ఇంటర్‌కని మదనపల్లెకో తిరుపతికో పోయి హాస్టల్లో చేరుతుంది. బస్సు దిగాక స్నేహితురాలి డబ్బా తీసుకుని, ఊరొచ్చే ముందు చున్నీతో గట్టిగా రుద్ది తుడుచుకుంటుంది. ఆ తుడుచుకోవడం నేను చెప్పే తుడుచుకోవడం కాదు. ఒకటి తన ముఖానికి తిరిగి రావడం, ఇంకొకటి మీ నుంచి తప్పించుకోవడం.

ఇంకో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా తోసేయను. కాలం బాగాలేదు, రంగు వేసుకుంటే పిల్ల వయసుకు మించి కనబడుతుంది, మగవాళ్ల కళ్లు పడతాయి అంటారు. ఈ భయం తల్లులకు ఊరికే పుట్టింది కాదు. కానీ దాని వెంట ఒక ప్రశ్న రావాలి. వయసుకు మించి కనబడడమే ప్రమాదమైతే, పదమూడేళ్ల పిల్లను పెళ్లికూతురిలా తయారుచేసి నాలుగు రోడ్ల కూడలిలో పది అడుగుల ఫ్లెక్సీ మీద పెట్టింది ఎవరు? ఆ బొమ్మ ఫోన్లలో ఎవరెవరి దగ్గరికి పోతుందో ఎవరైనా లెక్క చూశారా? 2012 నాటి పోక్సో చట్టం 18 నిండని ప్రతి ఒక్కరినీ బిడ్డగానే చూస్తుంది, ఎలా కనబడింది అని అడగదు. తప్పు చేసినవాడు 'పెద్దమనిషిలా కనబడింది' అని తప్పించుకునే దారిని చట్టం మూసేస్తే, 'నువ్వట్లా తయారైతే ఎట్లా' అని ఇంట్లో మనమే ఆ దారిని మళ్లీ తెరుస్తున్నాం. జాగ్రత్తలు చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. అపరిచితుడికి ఫొటో పంపకూడదని, బస్టాండులో వెంటపడితే ఎవరికి చెప్పాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో. లిప్‌స్టిక్ లాక్కోవడం ఆ జాగ్రత్తలకు బదులు కాదు. కాటుక కూడా లేకుండా నీళ్ల బిందెతో పోయే పిల్లల వెంటా పడ్డారు మగవాళ్లు.

చదువు పాడవుతుందన్న వాదన సగం నిజం. అద్దం ముందు అరగంట పోతుంది. కానీ రీల్స్ ముందు మూడు గంటలు పోతున్న ఇంట్లో అద్దాన్ని తిట్టడం ఏం న్యాయం? మగపిల్లవాడు జుట్టుకు రంగేసి, గడ్డం గీతలు దిద్దించి, సెలూన్‌లో ఆదివారం పొద్దంతా గడిపినా వాడు ఎప్పుడు తయారయ్యాడని ఎవరూ రేడియో ప్రసంగాలు పెట్టరు. సినిమాలు చెడగొట్టాయన్న మాట కూడా వింటుంటాం. సినిమాలు చేసింది చేశాయి, కాదనను. అదే సినిమాల్లో 2017 నాటి 'ఫిదా'లో సాయిపల్లవి మొటిమలు దాచని ముఖంతోనే భానుమతిగా నిలబడితే జనం విరగబడి చూశారు. ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటన ఒకటి ఆమె వద్దన్న సంగతి 2019లో పత్రికల్లో వచ్చింది. ఇక అటువైపు నుంచి వచ్చే అభ్యంతరం: ఈ రంగులన్నీ ఆడవాళ్లకు సంకెళ్లే, నేర్పడం ఎందుకు, పూర్తిగా వద్దనాలి కదా అని. ఆ మాటలో బలం ఉంది. రంగుల వ్యాపారం సిగ్గును పుట్టించి సొమ్ము చేసుకుంటుంది. కానీ ఆ సిగ్గును పోగొట్టే మందు నిషేధం కాదు. నిషేధించిన ఇంట్లోనూ పిల్ల ముఖం గురించి నలుగురూ మాట్లాడుతూనే ఉంటారు, మాట్లాడే హక్కు మాత్రం ఆమెకుండదు. గంగమ్మ జాతరలో వేషం కట్టిన మగవాడికి ఉన్న హక్కు, ఇష్టపడి కట్టుకుని, అయ్యాక కడుక్కునే హక్కు, మన ఆడబిడ్డకు ఇవ్వడానికి ఏం అడ్డొస్తోంది?

కాబట్టి నా లెక్క ప్రకారం ఆలోచన పెద్దమనిషి వేడుక దగ్గరే మొదలుకావాలి. బ్యూటీషియన్‌తో బేరం మాట్లాడే ముందు పిల్లను అడగాలి: నీకు కావాలా, ఎంత కావాలి? కాటుకా, పూలజడా చాలంటే చాలు. అసలు వద్దంటే వద్దే. ఫ్లెక్సీ వద్దు అంటే అది ఇంకా మంచిది, మేనమామకు ఖర్చు తగ్గుతుంది. నాన్నలు ఈ సంగతికి దూరంగా జరిగి 'మీ అమ్మనడుగు' అనడం మానాలి. ఇంట్లో మగవాడు ఒకసారి 'బాగుంది' అన్న మాట, ఒకసారి 'రంగు లేకపోయినా బాగుంటావు' అన్న మాట పిల్లకు ఏ క్రీమూ ఇవ్వలేనిది ఇస్తుంది. ఇక వేయించుకుంటే, ఆ రాత్రి చుట్టాలు సర్దుకుని పడుకున్నాక ఒక పావుగంట పిల్ల పక్కన కూర్చోండి. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డో దూదో తీసుకోండి, కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేయండి. రెప్పల వెంట్రుకల జిగురును లాగకండి, నూనె అద్ది కాసేపు ఆగితే అదే వదులుతుంది. కళ్లు మూయించి పైనుంచి కిందికి నెమ్మదిగా తుడవండి, రుద్దొద్దు. పెదవుల రంగు అంచుల నుంచి మధ్యకు తుడవాలి, లేకపోతే మూతి చుట్టూ పరుచుకుంటుంది. జిడ్డంతా పోయాక మామూలు సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్దండి. గుడ్డ మీద మిగిలిన ఆ గోధుమరంగు మరకను పిల్లకు చూపించండి, చూసి తనే నవ్వుతుంది. రెండోసారి కావలసి వచ్చినప్పుడు నూనె సీసా తనే వెతుక్కుంటుంది.